తగ్గేది దడ, పేరొచ్చేది తాయెత్తుకి

మహాశివరాత్రినాడు వేములవాడ రాజన్న గుడి క్యూలైనులో మనిషికి దడ పుట్టడానికి దయ్యం అక్కర్లేదు. ఒక్కపొద్దుతో కాలే కడుపు, నిద్రలేని కళ్లు, అటూ ఇటూ మెసలనివ్వని జనం, పైన ఉక్క. గుండె టకటకా కొట్టుకుంటుంది. ఊపిరాడటం లేదనిపించి రొప్పడం మొదలవుతుంది. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, పెదాలు జివ్వుమంటాయి. 'నా పాణం పోతుంది' అని పక్కవాళ్ల చెయ్యి పట్టుకుంటారు. నీళ్లు చల్లి, విభూతి రాసి, ఎవరో ఒకరు తేల్చేస్తారు: "గాలి సోకింది."

సోకిందేమీ లేదు. ఆపద ముంచుకొచ్చిందనుకుని ఒళ్లు అడ్రినలిన్‌ను వదిలింది, గుండె వేగం పెరిగింది. అవసరానికి మించి రొప్పడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గింది. తల తిరగడం, వేళ్లు కొంకర్లు పోవడం దానివల్లే. డాక్టర్లు దీన్ని పానిక్ అటాక్ అంటారు. మామూలు దడను చావుకు గుర్తుగా అర్థం చేసుకోవడమే దాన్ని పెంచుతుందని 1986లో బ్రిటిష్ మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ వివరించాడు. భయంతో దడ, దడతో మళ్లీ భయం. సాధారణంగా పది నిమిషాల్లో అది పతాకస్థాయికి చేరుతుంది. ఆ తర్వాత, ఎవరూ ఏమీ చెయ్యకపోయినా, మెల్లగా దిగిపోతుంది.

కిటుకంతా ఇక్కడే ఉంది. దిగే వేళకు పక్కన ఎవరుంటే పేరు వాళ్లదే. మంత్రగాడు నిమ్మకాయ కోస్తే నిమ్మకాయది, ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కిస్తే సెలైన్‌ది. నాకైతే ఈ రెంటికీ పెద్ద తేడా కనబడదు.

"నమ్మకంతో తగ్గితే నీకేం నొప్పి?" అంటారు. తగ్గింది ఆ పూటకి. భయం మాత్రం అలాగే ఉంది, పైగా దానికి 'గాలి' అని ఒక పేరు, ఒక రూపం వచ్చాయి. ఇక ఆ మనిషి తాయెత్తు లేకుండా గడప దాటలేడు. స్నానం చేస్తుంటే దారం తెగిందా, ఆ రాత్రే దడ. ఇంకో సంగతి, తీర్చని మొక్కు. గల్ఫ్‌కు పోయేముందు రాజన్న గుడిలో కోడెను కడతానని మొక్కుకుంటారు. అప్పులు తీరక, సెలవు దొరకక ఏళ్లు గడుస్తాయి. అక్కడ క్యాంపులో ఓ రాత్రి గుండె అదిరితే, ఇంటినుంచి ఫోన్లో వినిపించేది ఒకటే: "రాజన్న మొక్కు బాకీ ఉంది కదా!" వడ్డీ భయానికి ఇప్పుడు దేవుడి భయం తోడు.

కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగొస్తే మనసు తేలికైందనే వాళ్లను నేను కాదనను. ఇంటిల్లిపాదీ వెంట ఉంటారు, నడక నిదానం, ఊపిరి కుదుటపడుతుంది. అందులో కోడె చేసిందేమీ లేదు, పాపం దానికి తిండి దొరికితే చాలు.

దయ్యం ఖాతాలో పడే వేరే కారణాలూ ఉన్నాయి. థైరాయిడ్, రక్తహీనత, గుండె లయ తప్పడం. వీటికి తోడు మన ప్రాంతపు కల్తీ కల్లు. అందులో కలిపే డయాజెపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులకు ఒళ్లు అలవాటు పడ్డాక కల్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, దడ, పిచ్చిచూపులు, ఒక్కోసారి మూర్ఛ. 2015లో సర్కారు కల్తీ కల్లును కట్టడి చేసినప్పుడు నిజామాబాద్ జిల్లాలో జనం ఇలాగే దవాఖానలకు చేరారు. ఇలాంటివాళ్లను నిమ్మకాయలతో ఆపితే ప్రాణానికే ముప్పు. దడ తగ్గడానికని మందుల షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునేదీ తరచుగా ఆ అల్ప్రాజోలమే!

మొదటిసారి ఛాతీ పట్టేస్తే మాత్రం 'పానిక్ లే' అని కూర్చోకూడదు, ఈసీజీ తీయించాల్సిందే. అది బాగుండి, రక్తపరీక్షలూ బాగుంటే మానసిక వైద్యుడి వంతు. దడను ఎదుర్కోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో గుండెజబ్బు, ఆస్తమా, మూర్ఛ లేవని చూసుకుని, చికిత్స చేసేవాళ్లు తమ ఎదుటే ఓ నిమిషం గబగబా రొప్పమంటారు. అవే తిమ్మిర్లు, అదే తల తిరుగుడు. ఆపితే కాసేపటికి అవే పోతాయి. తర్వాత మెట్లెక్కిస్తారు, తప్పించుకు తిరిగే రద్దీలోకి కొద్దికొద్దిగా పంపుతారు. అవసరమైతే కొన్ని వారాలకు గుణం చూపే మందులిస్తారు. ఎవరికి చెప్పుకోవాలో తెలియనివాళ్లకు 2022 అక్టోబరునుంచి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. పైసా ఖర్చుండదు, తెలుగులోనే మాట్లాడతారు.