సేవకి అపాయింట్‌మెంట్ ఆర్డరు ఎవరిస్తారు?

బ్రిటన్ యూనివర్సిటీల్లో రెండు రకాల ఫీజులున్నాయి. ‘హోం’ విద్యార్థికి ఒకటి, ‘ఓవర్సీస్’ విద్యార్థికి మరొకటి. 1967లో మొదలైన తేడా ఇది. ఇంగ్లండ్‌లో డిగ్రీ కోర్సులకు హోం ఫీజు 2025-26లో ఏడాదికి 9,535 పౌండ్లు మించకూడదు. ఓవర్సీస్ ఫీజుకి అలాంటి హద్దే లేదు. చాలాచోట్ల అది రెండింతలు దాటుతుంది.

బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంటే హోం ఫీజు దానంతటదే వస్తుందని మనవాళ్లు అనుకుంటారు. రాదు. మామూలుగా అయితే కోర్సు మొదలయ్యే రోజుకి అక్కడ శాశ్వత నివాస హక్కు ఉండాలి. అంతకు ముందు మూడేళ్లూ అక్కడ ‘సాధారణ నివాసి’ అయి ఉండాలి. మధ్యలో దేశం విడిచి వెళ్లినవారి సంగతి? 2007 నాటి ఫీజుల నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. తాను గానీ, భర్త లేదా భార్య గానీ, తల్లి లేదా తండ్రి గానీ తాత్కాలిక ఉద్యోగం మీద బయటికి వెళ్లి ఉంటే ఆ కాలాన్ని నివాసంలో కోతగా లెక్కించరు.

నా అభ్యంతరం ఇక్కడే. పైకి ఈ నిబంధనలో ఆడా మగా తేడా లేదు. కానీ జీతం వచ్చే పనినే అది పనిగా గుర్తించింది. లండన్ ఉద్యోగి రెండేళ్లు కంపెనీ పని మీద దుబాయి వెళ్తే ఆయన కూతురు హోం విద్యార్థినే. మంచం పట్టిన అత్తగారికి చాకిరీ చేయడానికి రెండేళ్లు విజయవాడలో ఉండిపోయిన కోడలు తర్వాత చదువుకుంటానంటే మాత్రం సంజాయిషీ చెప్పుకోవాలి. ఆమెకు దారి పూర్తిగా మూసుకుపోలేదు. తన గైర్హాజరీ తాత్కాలికమేనని యూనివర్సిటీని ఒప్పించవచ్చు. దేన్ని చూపించి? ఉద్యోగికి కంపెనీ ఉత్తరం ఉంటుంది. సేవకి అపాయింట్‌మెంట్ ఆర్డరు ఎవరిస్తారు?

పన్ను కట్టినవారికే రాయితీ అని కొందరు వాదిస్తారు. దుబాయి జీతం మీద ఆ ఉద్యోగి బ్రిటన్‌కి కట్టిన పన్నెంత?

ఇంతకన్నా ఘోరమైనవి మరికొన్ని. సెలవులకని తీసుకొచ్చి ఇక్కడే ఆపేసిన కూతుళ్లు, పాస్‌పోర్టు లాక్కుని పుట్టింట్లో వదిలేసిన భార్యలు. 1982లో విద్యార్థి గ్రాంట్లపై వచ్చిన షా కేసులో లార్డ్ స్కార్మన్ ‘సాధారణ నివాసం’ అంటే ఏమిటో చెప్పారు. అది ఇష్టపూర్వకంగా ఎంచుకున్నదై, స్థిరమైన ప్రయోజనంతో కూడినదై ఉండాలి. ఎత్తుకుపోవడం వల్లో, నిర్బంధం వల్లో ఉన్నచోటు ఆ కోవలోకి రాకపోవచ్చునని కూడా అన్నారు. అలాంటప్పుడు పాస్‌పోర్టు లేక గుంటూరులో గడిపిన ఏళ్లు ఆమె ఎంచుకున్న నివాసమని ఎలా అంటారు? అక్కడి నివాసాన్ని ఆమే వదులుకుందని ఎలా తేలుస్తారు? చట్టం మాటల్లోనే మన వాదనకు ఆధారం ఉంది.

ఇది డబ్బున్న ఎన్.ఆర్.ఐ. కుటుంబాల గొడవ అని కొట్టిపారేయకండి. కుటుంబానికి డబ్బుంటే ఆమె చేతిలో ఉన్నట్టు కాదు. సొంత సంపాదన లేని స్త్రీకి డిగ్రీ ఆ ఇంటి నుంచి బయటపడే దారి. ఫీజులోని తేడా ఆ దారికి అడ్డం కట్టిన గోడ.

సంరక్షణ బాధ్యతనూ నిర్బంధాన్నీ ఉద్యోగం సరసన నిబంధనల్లో చేర్చాలని అక్కడి స్త్రీల సంఘాలతో కలిసి మనం అడగాలి. ఈలోగా ఇక్కడ చేయగలిగిన పని ఉంది. ఇటువంటి స్త్రీ మన దగ్గరికి వచ్చిన రోజే ఆమె ఎప్పుడు, ఎందుకు, ఎవరి నిర్ణయం మీద వచ్చిందో రాసి పెట్టాలి. పాస్‌పోర్టు లాక్కుంటే పోలీసు ఫిర్యాదు ఇప్పించాలి. రిటర్న్ టికెట్టు, అక్కడి స్కూలు, డాక్టరు, అద్దె ఇంటి కాగితాలు జాగ్రత్త చేయించాలి. భరణం కేసుతో పాటు ఆమె చదువు కేసు కూడా ఆ ఫైల్లోనే మొదలవ్వాలి.