మెరిట్ ఎక్కడ పోతోంది?

మనోళ్లకు మెరిట్ లేదంటారు. అది ఎక్కడ పోతోందో మేం చెబుతాం. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్‌లో ఆరు, ఏడు తరగతుల పిల్లలచేత కాగితం మీద చిక్కుదారుల పజిళ్లు చేయించారు. 2004లో ప్రపంచబ్యాంకు దాన్ని అచ్చేసింది (ఆ బ్యాంకు మీద మాకు ప్రేమేం లేదు, లెక్క లెక్కే). కులం ఎత్తని జట్లలో దళిత పిల్లలు పైకులాల పిల్లలకు సమానంగా చేశారు. అందరి ముందూ పేరు, తండ్రిపేరు, తాతపేరు, కులం చదివిన జట్లలో వెనకబడ్డారు. పజిళ్లు అవే!

మన బడుల్లోనూ 'ఎస్సీ స్కాలర్‌షిప్ వాళ్లు లేవండి' అంటుంటారు. లేచి నిలబడ్డ పిల్లకు ఆ పీరియడ్‌లో ఇంకేం పాఠం ఎక్కుతుంది? ఆ ఫారాలు ఆఫీసుగదిలో ఇవ్వచ్చు. క్లాసులో కులం పిలవడం ఆపమని హెడ్మాస్టర్లను అడుగుతున్నాం.