బోరునీళ్ళకి మన ముక్కే కాపలానా?

మన ఇళ్ళల్లో నీళ్ళ పరీక్ష అంటే ఏమిటండీ? గ్లాసులో పోసి వెలుతురుకి పట్టి చూడడం, ఓసారి వాసన చూడడం, కందిపప్పు ఉడుకుతోందో లేదో గమనించడం. ఉప్పునీళ్ళనీ, మురుగు కలిసిన నీళ్ళనీ ఇన్నాళ్ళూ ఇలాగే పట్టుకున్నాం. కానీ వీటికి చిక్కని ప్రమాదం ఒకటి వీధి చివరే ఉండొచ్చు. పెట్రోలు బంకు అడుగున పాతిపెట్టిన ట్యాంకు.

బంకులు వద్దని నేను అనడం లేదు. మా ఇంట్లోనూ స్కూటరు ఉంది, కారు ఉంది. నేననేదల్లా ఒకటే. బంకు కింది నేలనీ, నీళ్ళనీ ఎవరు చూస్తున్నారో, ఎన్నాళ్ళకోసారి చూస్తున్నారో ఆ చుట్టుపక్కల కాపురం ఉండేవాళ్ళకి తెలియాలి.

ఇనుప ట్యాంకు నేలలో ఉండగా ఉండగా తుప్పు పడుతుంది. ట్యాంకు బాగానే ఉన్నా, గొట్టాల అతుకుల దగ్గర కారొచ్చు. కారిన పెట్రోలు మట్టిలోకి ఇంకి, భూగర్భజలం తగిలేదాకా దిగుతుంది. నీటికన్నా తేలిక కాబట్టి అక్కడ తెట్టులా తేలుతుంది. అంతటితో ఆగితే బాగుండును. అందులోని బెంజీను లాంటివి కొంత కొంతగా నీళ్ళలో కరిగి, ఆ నీళ్ళు ఎటు నడిస్తే అటు నడుస్తాయి. పక్కనే మన బోరు గంటలకొద్దీ లాగుతుంటే ఇటువైపే రావచ్చు.

బెంజీను క్యాన్సర్ తెచ్చే పదార్థమని ఎప్పుడో తేలింది. తాగేనీళ్ళలో అది లీటరుకి 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షలో వంతు. బెంజీను వాసన మన ముక్కుకి తెలిసేసరికి ఆ హద్దు ఎన్నో రెట్లు దాటిపోయి ఉంటుంది.

ఈ సంగతి చెబితే మా అత్తగారు, "మరగబెట్టుకుంటే పోదుటమ్మా?" అన్నారు. "నీళ్ళలోంచి పోయినా ఎక్కడికి పోతుందండీ అత్తయ్యగారూ, ఆవిరై వంటింట్లో మన ముక్కుల్లోకే కదా" అన్నాను. మావారు టీడీఎస్ మీటరు తెచ్చి ముంచి చూపించారు. అది కరిగిన లవణాల లెక్క చెబుతుంది గానీ పెట్రోలు సంగతి చెప్పదు.

మరి ఎలా తెలుస్తుంది? ట్యాంకు చుట్టూ సన్నటి బోర్లు వేస్తారు, పరిశీలన బావులంటారు. నీరు వచ్చే వైపు ఒకటి, పోయే వైపు రెండో మూడో. వాటిలోంచి నీళ్ళు తీసి ల్యాబుకి పంపుతారు. వచ్చే వైపు శుభ్రంగా ఉండి పోయే వైపు బెంజీను కనిపిస్తే, తప్పు మధ్యలో ఉన్నట్టు. ఒక్కసారి చూసి వదిలేస్తే అది కాపలా కాదు. ఇంట్లో పెద్దవాళ్ళకి బీపీ చూసినట్టు, క్రమం తప్పకుండా చూసి రాసిపెట్టాలి. బంకులో రోజూ సరుకు లెక్క చూసుకుంటారు కదా అనొచ్చు. రోజుకి లీటరో రెండు లీటర్లో కారితే అది ఆవిరిలోనో కొలతల తేడాలోనో కలిసిపోతుంది.

అమెరికాలో ఇలాంటి ట్యాంకుల కోసం 1984లోనే చట్టం తెచ్చారు. అప్పటినుంచి ఇప్పటివరకు అక్కడ బయటపడ్డ లీకులు 5 లక్షలకు పైనే. చూశారు కాబట్టే ఇన్ని దొరికాయి. 1996లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికా ఊరు పెట్రోలులో కలిపే ఎం.టి.బి.ఇ. అనే రసాయనం వల్ల తాగునీటి బావులు మూసుకుని, దాదాపు సగం నీళ్ళు పోగొట్టుకుంది. అంతదూరం ఎందుకు, తెలుగువాళ్ళు తరతరాలుగా ఉంటున్న ఉత్తర చెన్నైలో, తండయార్‌పేటలో 2013లో బోర్లలో చమురు వచ్చింది. అక్కడ కారింది ట్యాంకు కాదు, భూమిలోని చమురు పైపు. కానీ ఆ సంగతి ముందు తెలిసింది నీళ్ళు తోడుకున్న ఇళ్ళవాళ్ళకే.

మన దేశంలో కొత్త బంకులు ఇళ్ళకీ, బళ్ళకీ, ఆసుపత్రులకీ 50 మీటర్ల దూరంలో ఉండాలని, తప్పనిసరైతే 30 మీటర్లకు తగ్గకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో చెప్పింది. మంచిదే. కానీ అంతకు ముందునుంచీ ఉన్న బంకుల మాటేమిటి? భూమిలో నీళ్ళు 50 మీటర్ల గీత దగ్గర ఆగుతాయా?

ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అని అడుగుతారు. చాలాచోట్ల ట్యాంకు చమురు కంపెనీదే. కాబట్టి కంపెనీయే పెట్టుకోవాలి, డీలరు మీద వెయ్యకూడదు. నేలలోకి దిగిన పెట్రోలుని తీయడానికి ఏళ్ళు పడుతుంది. దానిముందు నాలుగు బోర్ల ఖర్చు ఏపాటి?

నాకు అంతకన్నా బాధ కలిగించిన జవాబు మా అపార్టుమెంటు మీటింగులో వినిపించింది. బోరునీళ్ళు పరీక్ష చేయిద్దామంటే, "రాతపూర్వకంగా ఏమీ వద్దమ్మా, ఫ్లాట్ల రేట్లు పడిపోతాయి" అన్నారొకాయన. రేటు పడిపోతే మళ్ళీ లేస్తుంది. రోజూ ఆ నీళ్ళు తాగే పిల్లల ఆరోగ్యం అలా లేస్తుందా? పరీక్ష చేయించి నీళ్ళు బాగున్నాయని కాగితం చూపిస్తేనే కొనేవాళ్ళకి నమ్మకం కలుగుతుందని నా ఉద్దేశం.

మీ బోరు బంకుకి దగ్గరైతే, "బెంజీను, పెట్రోలియం పదార్థాలు చూడండి" అని ల్యాబువాళ్ళకి విడిగా చెప్పండి. గాజుసీసాని గాలి లేకుండా అంచుదాకా నింపి ఇవ్వాలి. పెట్రోలు వాసనే వస్తే తాగడం, వండడం ఆపండి. సంపు దగ్గర నిప్పు వెలిగించొద్దు. కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

బంకులో పెట్రోలు ధర రోజూ బోర్డు మీద రాస్తారు. కింది నీళ్ళని ఆఖరిసారి ఎప్పుడు చూశారో, ఏం తేలిందో కూడా ఆ పక్కనే రాయమని అడుగుదాం. మనం అడగనంతకాలం వాళ్ళంతట వాళ్ళు రాయరు.