మందు కొట్టేవాళ్ల నరాలకు పరీక్ష ఎవరు చేస్తారు?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మెదడు మీద, నరాల మీద పరిశోధన అంటే ఎక్కడో పెద్ద ల్యాబుల్లో ఎలుకల మీద, కోతుల మీద జరిగేది, మనకేం సంబంధం అనుకుంటాం. కానీ సత్తెనపల్లి చుట్టుపక్కల పత్తి, మిరప చేలల్లో కూలికెళ్లే మన ఎరుకల, యానాది, సుగాలి ఇళ్లకి దానితో చాలా దగ్గర సంబంధం ఉంది.

1921లో ఆటో లోవీ అనే శాస్త్రవేత్త రెండు కప్పల గుండెలు తీసుకున్నాడు. ఒక గుండెకు వెళ్లే నరాన్ని ప్రేరేపిస్తే ఆ గుండె నెమ్మదించింది. దాని ద్రవాన్ని తీసి రెండో గుండెకు పెడితే, నరాన్ని ముట్టుకోకపోయినా అదీ నెమ్మదించింది. అంటే నరం తన కబురుని ఒక రసాయనంతో పంపుతోందన్నమాట. అదే ఎసిటైల్‌కోలిన్. 1936లో ఆయనకీ హెన్రీ డేల్‌కీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రసాయనం కప్పలోనే కాదు, పురుగులో ఉంది, ఎద్దులో ఉంది, మనిషి మెదడులోనూ ఉంది. కబురు అందాక దాన్ని వెంటనే తుడిచేయడానికి కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది.

మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి మందులు ఆ ఎంజైమ్‌నే కట్టిపడేస్తాయి. ఇక కబురు ఆగదు. నరాలు, కండరాలు అదేపనిగా పనిచేసి చివరికి చచ్చుబడిపోతాయి. పురుగు చచ్చేది అలాగే. ఈ జాతి పురుగుమందుల కోసం వెతుకుతూనే అదే 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ టాబున్‌ని తయారుచేశాడు. అది యుద్ధంలో మనుషుల్ని చంపే విషం. పురుగు నరానికీ మనిషి నరానికీ ఈ విషం తేడా చూడదు, మోతాదే తేడా.

మరి మన ఊళ్లలో ఏం జరుగుతోంది? మందు కొట్టినవాడు సాయంత్రానికి తల తిరుగుతోందంటే ఎండదెబ్బ అంటారు. తూలుతూ వస్తే తాగాడంటారు. మన భాషలో "మందు కొట్టడం" రెండిటికీ ఒకటే మాట కదా, నవ్వేసి వదిలేస్తారు. కంటిపాప సూదిమొనలా చిన్నదైపోవడం, నోట్లో నీళ్లూరడం, ఒళ్లంతా చెమట, వాంతులు, కండరాలు అదరడం, ఊపిరి ఆడకపోవడం... ఇవి కనిపిస్తే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి. దీనికి అట్రోపిన్ అనే విరుగుడు ఉంది. ఆలస్యమే ప్రాణం తీస్తుంది.

2005లో అచ్చయిన ఒక పరిశోధనలో మన దేశంలోని మూడు ఊళ్ల పత్తి సాగుదార్లని సీజనంతా గమనించారు. మందు కలిపి ట్యాంకు నింపి ఇచ్చే ఆడవాళ్లకీ కొట్టే మగవాళ్లతో సమానంగా ముప్పు ఉందని తేలింది. పెద్ద రైతుల కంటే పేదవాళ్లకే విషం ఎక్కువగా ఎక్కింది. తీవ్రమైన లక్షణాలు వచ్చినవాళ్లలో కూడా ఒక్కరూ డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. 2021–22లో మన మిరపని నల్ల తామరపురుగు తినేసినప్పుడు ఎన్నిసార్లు మందు కొట్టారో మనకి వేరే చెప్పక్కర్లేదు.

"మందు లేకపోతే పంట రాదు, పంట లేకపోతే కూలి లేదు" అనేవాళ్లున్నారు. నిజమే. రైతు మీద, ముఖ్యంగా అప్పులు చేసిన కౌలు రైతు మీద మాకు కోపం లేదు, ఆయన కూడా ఆ గాలే పీలుస్తున్నాడు. రేపే మందులన్నీ మానేయమని కూడా మేం అనడం లేదు. మేం అడిగేది ఒక రక్తపరీక్ష.

కోలినెస్టరేజ్ ఎంత ఉందో రక్తంలో తెలిసిపోతుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1974 నుంచి, ఈ మందులతో తరచుగా పనిచేసేవాళ్లకి పని ఇచ్చినవాళ్లే ఈ పరీక్ష చేయించాలనే నిబంధన ఉంది. బాగా పడిపోతే కోలుకునేదాకా మందు పనిలో పెట్టకూడదు. ఒక్కొక్కరి మామూలు స్థాయి ఒక్కోలా ఉంటుంది కాబట్టి సీజనుకి ముందు ఒకసారి, మధ్యలో మళ్లీ చూడాలి. ఒళ్లు కూలబడ్డాక చేస్తే సరిపోదు.

అందుకే మన గ్రూపుకి మా ప్రతిపాదన ఇది. ఖరీఫ్ మొదలయ్యేలోపే మండలాల వారీగా మందు పని చేసే మనవాళ్ల జాబితా రాద్దాం. మందు కలిపే అక్కల పేర్లు కూడా అందులో ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రక్తం తీసి పరీక్షకి పంపించాలని కలెక్టరు గారికీ, ఐటీడీఏకీ అర్జీ పెడదాం. డబ్బా మీద త్రికోణం ఎరుపైతే అత్యంత విషం, పసుపైతే దాని తర్వాతిది, నీలం, ఆకుపచ్చ ఇంకా తక్కువవి. చదువురాని పెద్దవాళ్లకి కూడా ఈ రంగులు గుర్తుండేలా చెబుదాం.

మన ఇళ్లలో డబ్బా మీది అక్షరాలు చదవగలిగిన మొదటి తరం మనమే. కప్ప గుండె మీద చేసిన పరిశోధనకి నోబెల్ ఇచ్చారు. ఆ పరిశోధన ఫలితం మన కూలి తల్లి దాకా రావడానికి వందేళ్లు సరిపోలేదా? అర్జీలో సంతకం పెట్టేవాళ్లు కింద మీ మండలం పేరు రాయండి.