పైనుంచి నీళ్లు సరే, కింద ఎవరు?

1995 జనవరిలో కోనసీమ పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుని 65 రోజులు మండింది. పైనుంచి ఎన్ని నీళ్లు పోసినా కింద గ్యాస్ కట్టందే అలాంటి బావి అదుపులోకి రాదు. అడవి మంటదీ సగం అదే కథ. 2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవి కాలితే వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్లు కుమ్మరించాయి. మంచిదే, కాదనం. కానీ ఆ నీళ్లు మంట జోరు తగ్గిస్తాయంతే. ఆకులు ఊడ్చి, ఫైర్ లైన్ తీసి, మొద్దుల్లో దాగిన నిప్పు ఆర్పేది కింద మనుషులే. కోనసీమకు ఎగువన మన మారేడుమిల్లి కొండల్లో గాలి ఎటు తిరుగుతుందో మన పెద్దలకంటే ఎవరికి తెలుసు? 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. మరి కూలీ, బూట్లు, పనిముట్లు? వేసవి ముదరకముందే తీర్మానం రాసి రంపచోడవరం ఐటీడీఏలో ఇవ్వండి. రసీదు మాత్రం మర్చిపోకండి.