ఇంగ్లీషు చెప్పే పంతులుకు నేర్పిందెవరు?

సర్కారు బడి గోడ మీద రాత్రికి రాత్రే రంగు మారుతది. 'ఇంగ్లీషు మీడియం' అని పెద్దక్షరాలు పడుతయి. మంత్రులు వస్తరు, రిబ్బను కత్తిరిస్తరు, ఫొటోలు దిగుతరు. ఆ గోడకు లోపలి దిక్కు నల్లబల్ల ముందట నిలబడ్డ పంతులును మాత్రం ఎవరూ అడుగరు: సారూ, నువ్వు తెలుగు మీడియంల చదివినవు, తెలుగు మీడియంలనే ట్రైనింగ్ చేసినవు, ఇరవై ఏండ్లు తెలుగులనే పాఠం చెప్పినవు. రేపటి నుంచి లెక్కలు, సైన్సు ఇంగ్లీషుల చెప్పాలంటున్నరు గదా, నీకు ఎవరు నేర్పిండ్రు? ఎన్ని దినాలు నేర్పిండ్రు?

ఈ ప్రశ్న మేం అడుగుతున్నం.

ముందుగాల ఒక ముచ్చట తేల్చుకుందాం. మేం ఇంగ్లీషుకు దుష్మన్లం కాదు. దొరబిడ్డకు కాన్వెంటు, కూలిబిడ్డకు మాతృభాష మీద ప్రేమ అనే నీతి మాకు వద్దు. దళిత బహుజనుల పిల్లలకు ఇంగ్లీషు కావాలని కంచ ఐలయ్య లాంటోళ్లు ఏండ్లకేండ్లు కొట్లాడిండ్రు. ఆ కొట్లాట న్యాయమైనదే. మా పేచీ అంతా బోర్డు మార్చి చేతులు దులుపుకునే సర్కార్లతోని.

తెలంగాణకు ఇంగ్లీషు ఒట్టి సబ్జెక్టు కాదు. మన కొలువులకు అడ్డంగ పెట్టిన గేటు అది. 1918ల పుట్టిన ఉస్మానియా యూనివర్సిటీ వైద్యం, న్యాయం, ఇంజనీరింగు దాకా ఉర్దూల చెప్పింది. పుస్తకాలు తర్జుమా చేసేటందుకు దారుల్ తర్జుమా అని ప్రత్యేకంగ ఒక శాఖనే నడిపింది. ఆ ఉర్దూ మన రైతుబిడ్డ ఇంటిభాష కాదన్నది వేరే పంచాయితీ, అది ఇంకోసారి మాట్లాడుకుందాం. 1948 సెప్టెంబరుల పోలీసు చర్య అయింది. దఫ్తర్లల్ల, యూనివర్సిటీల ఇంగ్లీషు జొచ్చింది. నిన్నటిదాకా డిగ్రీ పట్టాలున్నోళ్లు తెల్లారేసరికి 'చదువు రానోళ్లు' అయిండ్రు. వాళ్లకు ఒక ఏడాది కూసోబెట్టి ఇంగ్లీషు నేర్పితే అయిపోయేది. అట్ల చేయలే. ఇంగ్లీషు వచ్చినోళ్లు కావాలనే సాకు మీద మద్రాసు రాష్ట్రం నుంచి మందిని దింపిండ్రు. బోగస్ ముల్కీ సర్టిఫికెట్లు పుట్టగొడుగుల లెక్క మొలిచినయి. తెల్లోళ్ల పాలనల ఎన్నో ఏండ్లు ఇంగ్లీషు చదువుకున్న ప్రాంతానికి, ఆ చదువు చూడని ప్రాంతానికి ఒకటే పరుగుపందెం పెట్టి, ఓడినోన్ని మొద్దు అన్నరు.

1952ల వరంగల్లుల రాజుకున్న ముల్కీ ఉద్యమానికి టీచర్ల కొలువులే నిప్పురవ్వ అన్నది మర్చిపోవద్దు. ఆ ఏడు సెప్టెంబరు 3న సిటీ కాలేజీ కాడ పోలీసు తూటాలకు ఒరిగిన పోరగాండ్లు అడిగింది ఏంది? మా బడిల మా టీచర్లు అని. చదువుల వెనుకబడ్డ తెలంగాణ ప్రజలకు, ముందుకు పోయిన కోస్తావాళ్ల కింద నలిగిపోతమనే భయం ఉన్నదని 1955ల ఫజల్ అలీ కమిషన్ గూడ రాసిపెట్టింది. రాసుడు రాసుడే, విలీనం విలీనమే.

ఇక అసలు విడ్డూరం చూడుండ్రి. విలీనమై రెండేండ్లు తిరగకముందే, 1958ల, ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇచ్చేటందుకు కేంద్ర సర్కారు ఒక సంస్థ పెట్టింది. యాడనో కాదు, మన హైదరాబాదులనే, ఉస్మానియా క్యాంపస్ పక్కపొంటే. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ అని మొదలై, 1972ల సీఫెల్ అయింది, 2007ల ఇఫ్లూ పేరుతోని సెంట్రల్ యూనివర్సిటీ అయింది. దేశం నలుమూలల నుంచే గాదు, బయటి దేశాల నుంచి గూడ వచ్చి ఇంగ్లీషు ఎట్ల నేర్పాలో ఈడ నేర్చుకొని పోయిండ్రు. ఆ సంస్థను మేం తప్పువట్టం, అది దేశం మొత్తానికి పెట్టింది. కానీ తార్నాకల ఉన్న ఆ విద్యను ఉట్నూరుకు, అచ్చంపేటకు, నారాయణఖేడ్‌కు మోసుకపోయే బాధ్యత సెక్రటేరియట్‌ల కూసున్నోళ్లది. మన చెర్వు నీళ్లు మన పొలానికి పారని కథ నీళ్లకాడనే కాదు, చదువుకాడ గూడ నడిచింది.

"ట్రైనింగ్ ఎందుకండీ, ఇంగ్లీషు వస్తే చాలదా?" అని అడిగే మేధావులున్నరు. వాళ్లను లండన్‌కే తీసుకపోదాం. ఇంగ్లీషు తల్లిభాషగ ఉన్నోనికి గూడ, దాన్ని పరాయి భాషోళ్లకు నేర్పుడు పుట్టుకతోని రాదు. 1962ల లండన్‌ల జాన్ హేక్రాఫ్ట్ అనేటాయన ఇంటర్నేషనల్ హౌస్‌ల అసొంటి టీచర్లకు రెండు వారాల కోర్సు మొదలుపెట్టిండు. అదే పెరిగి పెద్దదై ఇయ్యాల కేంబ్రిడ్జి వాళ్ల 'సెల్టా' అయింది. 120 గంటల శిక్షణ. అండ్ల ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలె. వెనుక కూసున్న శిక్షకుడు ప్రతి పాఠం చూసి, యాడ తడబడ్డవో చెప్తడు. ఇంగ్లీషు ఇంట్ల పుట్టినోనికే ఇంత తతంగం ఉంటే, ఐదోతరగతి దాటినంక ఏబీసీడీలు దిద్దిన మన టీచరుకు ఎంత కావాలె?

మేం చూసిన ఒక శిక్షణ శిబిరం ముచ్చట చెప్తం. ఐదు దినాలు. రిసోర్స్ పర్సన్ తెర మీది అక్షరాలు చదువుతనే ఉన్నడు, సార్లు, మేడమ్‌లు నోట్సు రాసుకుంటనే ఉన్నరు. మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సంతకం. ఐదు దినాలల్ల ఒక్క పిల్లగాన్ని తెచ్చి ముందట కూసోబెట్టలే. ఒక్క సారుతోని గూడ పాఠం చెప్పించలే. ఈతను నల్లబల్ల మీద నేర్పినట్టున్నది కథ!

అసలు శిక్షణ అంటే ఏందో ఒక్క ఉదాహరణ చాలు. మనం 'తిన్న' అంటం. ఇంగ్లీషుల దానికి రెండున్నయి: 'ఐ ఏట్', 'ఐ హావ్ ఈటెన్'. పొద్దున తిన్న అన్నా 'తిన్న'నే, ఇప్పుడే తిన్న, ఆకలి లేదు అన్నా 'తిన్న'నే. పిల్లగాడు ఈ రెండింటి కాడ తడబడేది మొద్దు కాబట్టి కాదు, వాని భాషల ఆ గీత ఇంకోతీరుగ ఉన్నది కాబట్టి. మన దగ్గర క్రియ వాక్యం చివర్ల వస్తది, ఇంగ్లీషుల నడుమ దూరుతది. 'ఎ', 'ది' అనేటివి మనకు లేనే లేవు. ఇవన్నీ తెలిసిన తెలుగు టీచరు, తెలుగు రాని తెల్లదొర కన్నా ఈ పిల్లగానికి ఎక్కువ పనికొస్తడు. కానీ తన దగ్గర ఉన్నది బలం అని ఆ టీచరుకు ఎవరో ఒకరు చెప్పాలె గదా! మనోళ్లు దాన్ని రోగం అని చెప్తరు.

ఆ రోగం మాట ఊకెనే పుట్టలే. 1961ల ఉగాండాల, మకెరెరెల కామన్వెల్త్ దేశాల సమావేశం ఒకటి జరిగింది. ఇంగ్లీషును ఇంగ్లీషులనే చెప్పాలె, తెల్లోడే అసలు టీచరు, ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత మంచిది, ఎంత ఎక్కువ చెప్తే అంత మంచిది, వేరే భాష కలిస్తే ఇంగ్లీషు చెడిపోతది అనే నమ్మకాలకు ఆడ ముద్రపడ్డది. ఈ ఐదూ భ్రమలేనని రాబర్ట్ ఫిలిప్సన్ 1992ల భాషా సామ్రాజ్యవాదం మీద రాసిన పుస్తకంల ఎండగట్టిండు. అయినా మన కార్పొరేట్ బడులు ఇయ్యాల్టికి తెలుగు మాట్లాడితే జుర్మానా అంటున్నయి. మన యాసను సినిమాల రౌడీలకు, కమెడియన్లకు అంటగట్టిన బుద్ధే ఇది. అప్పుడు మన తెలుగు తెలుగు కాదన్నరు, ఇప్పుడు 'ఇస్కూల్' అన్న పిల్లగాన్ని చూసి నవ్వుతున్నరు.

వేరే తొవ్వ లేదా అంటే ఉన్నది, మన దక్షిణాదిలనే ఉన్నది. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు నడిపిన బెంగళూరు ప్రాజెక్టు ఫైవ్‌స్టార్ బడులల్ల నడవలే, మామూలు బడులల్ల నడిచింది. వ్యాకరణం బట్టీ పట్టించుడు బందువెట్టి, రైళ్ల టైంటేబుల్ చూసి లెక్క చెప్పుడు, పటం చూసి తొవ్వ చెప్పుడు లాంటి పనుల మీదికెళ్లి భాష నేర్పిండ్రు. ప్రపంచమంతా ఇప్పుడు దాన్ని చదువుకుంటున్నది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక కోసం ఇంగ్లీషు బోధన మీద పత్రం తయారుచేసిన బృందానికి పెద్ద, మన సీఫెల్‌ల పనిచేసిన ప్రొఫెసర్ అమృతవల్లి. పిల్లల ఇంటిభాషలను తరగతి గదిల వాడుకోవాలన్నది ఆ పత్రం సారం. అంటే విద్య లేక కాదు, వాడుకునే మనసు లేక.

2008ల ఉమ్మడి సర్కారు సక్సెస్ స్కూళ్లని వేల హైస్కూళ్లల్ల ఆరోతరగతి నుంచి ఇంగ్లీషు మీడియం పెట్టింది. అవే గదులు, అవే సార్లు, అరకొర శిక్షణ. అప్పుడు మనం తిట్టినం, తిట్టుడు సరైనదే. మరి 2014ల మన రాష్ట్రం వచ్చింది. 2022-23ల మన సర్కారే ఒకటి నుంచి ఎనిమిది దాకా ఒక్కసారే ఇంగ్లీషు మీడియం అన్నది. ఒక దిక్కు తెలుగు, ఒక దిక్కు ఇంగ్లీషు ఉన్న పుస్తకాలిచ్చుడు మంచి పని, కాదనం. కానీ టీచర్ల శిక్షణను మాత్రం కొన్ని వారాల ముచ్చట చేసిండ్రు. టీచర్లను తయారుచేసే డైట్‌లల్ల లెక్చరర్ పోస్టులు ఏండ్లకేండ్లు ఖాళీగ పెట్టిండ్రు. 2024 డీఎస్సీల 11,062 పోస్టులకు పరీక్ష పెట్టిండ్రు. కంప్యూటర్ ముందట నాలుగు జవాబులల్ల ఒకటి నొక్కుమన్నరు. ఒక్కొక్కరితోని ఒక్క పాఠం చెప్పించి చూడలే. మనోడు చేసినా తప్పు తప్పే, రాసే చెయ్యి ఊకోదు.

గోండు పిల్లగానికి, లంబాడి పిల్లకు ఇంగ్లీషు మూడో భాషనో, నాలుగోదో అయితది. వాళ్ల బడిల తెలుగే సగం పరాయిది. ఆ పిల్లల ముందట నిలబడే టీచరుకు మిగతావాళ్ల కన్నా ఎక్కువ శిక్షణ కావాలె. ఉర్దూ మీడియం టీచర్ల సంగతైతే శిక్షణ ముచ్చటలల్ల ఎవరి నోట్లెకెళ్లీ రాదు.

ఉపాధ్యాయ సంఘాల అన్నలారా, అక్కలారా! 610 జీవో కోసం ధర్నాలు చేసినోళ్లం మనం. పీఆర్సీ అడిగినట్టే ఇది గూడ అడుగుండ్రి. ప్రతి ఇంగ్లీషు మీడియం టీచరుకు కనీసం 120 గంటలు, ఒక్కసారే గాదు, ఏడాది పొడుగునా, సొంత జిల్లా డైట్‌లనే, జీతం కోత లేకుంట. పాఠం చెప్పే కాడ కూసోని చూసే శిక్షకుడు ఉండాలె. ఆ శిక్షకులను తయారుచేసేటందుకు ఇఫ్లూతోని రాష్ట్రం ఒప్పందం చేసుకోవాలె. సర్వేలు, ఎన్నికల డ్యూటీలు ఆ గంటలల్ల పెట్టొద్దు. ఉస్మానియా, కాకతీయ తమ్ముళ్లారా, చెల్లెండ్లారా! రేపు ఆ కొలువులల్లకు పోయేది మీరే. వచ్చే ఎండకాలం శిక్షణ షెడ్యూలు బయటికి రాకముందే ఈ కాగితం ప్రతి డీఈవో ఆఫీసు మెట్లెక్కాలె.