మన్యమునకు ఎట్టి ప్రధానోపాధ్యాయుడు కావలెను?

మైదానపు కచేరీలలో ఒక మాట చిరకాలముగా వాడుకలో నున్నది: "తిన్నగా నుండకున్న ఏజెన్సీకి బదిలీ చేయింతును." ఈ బెదిరింపు విని నవ్వుకొనువారు కలరు. మాకు నవ్వు రాదు. ఉద్యోగికి శిక్షగా నెంచబడిన ఆ చోటనే అరకు, డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు, పెదబయలు బిడ్డలు పుట్టి పెరుగుచున్నారు. ఒకనికి చెఱసాలయైన తావు మఱియొకని బిడ్డకు బడి యెట్లగును? దండన ననుభవింప వచ్చినవాడు దినములు లెక్కించును గాని బిడ్డల నేల లెక్కించును?

మంచి ప్రధానోపాధ్యాయుని లక్షణము లేవి యని యడిగినచో అధికారులు చెప్పు జవాబు మన మెఱిగినదే. రిజిస్టరులు సరిగా నుండవలెను. పరీక్షాఫలితములు మెండుగా నుండవలెను. తనిఖీ నాడు గోడలకు సున్నము, బిడ్డలకు ఉతికిన బట్టలు నుండవలెను. ఇవి యక్కఱలేనివని మేమనము. కాని యివన్నియు పైవారికి చూపుటకు పనికివచ్చు గుణములు. బిడ్డలకు పనికివచ్చు గుణము లేవి?

మొదటిది బిడ్డ మాట వినుట. అరకులోయ చుట్టుపట్ల గ్రామములలో కువి, కొండ, ఆదివాసి ఒడియా మాటలాడు కుటుంబములు కలవు. తొలినాడు తెలుగు పాఠము విని మిన్నకున్న బిడ్డను మందబుద్ధి యని తీర్మానించువాడు తన చెవిటితనమును బిడ్డ తలపై మోపుచున్నాడు. ఈ తూర్పుకనుమలలోనే పర్లాకిమిడి బడిపంతులు గిడుగు వేంకట రామమూర్తిగారు సవరల భాష నేర్చి, వారి బిడ్డలకు ఆ భాషలోనే వాచకములు కూర్చిరి. 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర నిఘంటువును వెలువరించిరి. ఆ కొండలకు పోవుట ఆయనకు శిక్షగా తోచలేదు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిది గిరిజన భాషలలో బహుభాషా విద్య నారంభించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము సాధ్యమైనంతవఱకు మాతృభాషలో బోధింపవలెనని చెప్పుచున్నది. చట్టము కలదు. దానిని తరగతిలోనికి తెచ్చు ప్రధానోపాధ్యాయుడు కావలెను. తెలుగు, ఇంగ్లీషు రానిచో ఉద్యోగము లెట్లు వచ్చునని కొందఱందురు. అవి రావలెననియే మేమును కోరుదుము. మెట్లు తీసివేసి మేడ నెక్కుమని బిడ్డ నేల బాధింపవలెను?

రెండవది రాత్రి బడిలో నుండుట. ఆశ్రమ పాఠశాల సాయంకాలపు గంటతో ముగియదు. అచ్చటి ప్రధానోపాధ్యాయుడు చదువుతోపాటు వసతికిని, భోజనమునకును బాధ్యుడు. ఉదయము జీపులో నెక్కివచ్చి సాయంకాలము దిగిపోవువాడు సగము బడికే అధిపతి. మన్యమున వానకాలపు మలేరియా పగలు రాత్రి యని చూడదు. గెడ్డలు పొంగినపుడు రోగిని డోలీలో మోసికొనిపోవలసిన త్రోవలు నేటికిని కలవు. ఒళ్ళు కాలుచున్న బిడ్డను తెల్లవాఱువఱకు పడుకొనుమనుటకును, ఆ రాత్రియే ఆస్పత్రికి చేర్చుటకును నడుమనున్న భేదము ఒక ప్రాణము.

మూడవది బిడ్డల పంక్తిలో కూర్చుండి వారి యన్నమే తినుట. పప్పు పలుచనైనదని సరకుల పుస్తకము చెప్పదు, నాలుక చెప్పును.

నాలుగవది తల్లిదండ్రులయెడ గౌరవము. చైత్రమున ఇటుకల పండుగకు పోయిన బిడ్డ తిరిగిరాకున్నచో పేరు కొట్టివేయుట సులభము; కొండ యెక్కి ఆ గడపలో కూర్చుండి మాటలాడుట కష్టము. మైదానమునుండి వచ్చు అధికారి రూపము ఆ గడపలకు చాలకాలముగా తెలిసినదే. 1839 చట్టముతో ఏజెంటు పాలన వచ్చెను. పిదప గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ చాలని కూలికి బాటపనులు చేయించెను. అట్టి కడుపుమంటనుండియే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై నడచెను. 2022లో పాడేరు కేంద్రముగా నేర్పడిన జిల్లాకు ఆ వీరుని పేరు పెట్టుకొంటిమి. ఆ జిల్లాలోని ఏ బడిలోనైనను "కొండవాండ్ర కింత చదువేల?" యను మాట వినబడినచో ఆ పేరే మనలను వెక్కిరించును.

ఐదవది సత్యమును పైకి వ్రాయు ధైర్యము. పైకప్పు కాఱుచున్నదని, ఉపాధ్యాయుడు లేడని, నీరు చెడినదని వ్రాయువానిని పేచీకోరనుట మన కచేరీలకు మామూలైనది. "అంతయు క్షేమము" అని వ్రాయువాడు సమర్థుడట!

ఇంత భారము నొక్కని నెత్తిపై మోపుట న్యాయమా యని ఉపాధ్యాయు లడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. అందుచేత మా మాట ప్రభుత్వమునకును తగులును. కాపురమునకు ఇల్లు, లెక్కలకు గుమాస్తా, రోగులకు నర్సు ఈయక గుణములను మాత్రము కోరుట వంచన.

2000 జనవరిలో ప్రభుత్వము షెడ్యూల్డు ప్రాంతములలోని ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే యని 3వ నంబరు ఉత్తరువు చేసెను. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు నూటికి నూరు రిజర్వేషను చెల్లదని దానిని కొట్టివేసెను. తీర్పు రిజర్వేషను హద్దును గూర్చినది. బిడ్డ భాష నెఱుగనివానిని బడిపై కూర్చుండబెట్టుమని అది యాజ్ఞాపింపలేదు. ఆ తీర్పును సాకుగా జేసికొని చేతులు ముడుచుకొనువారిని మేము క్షమింపజాలము.

మన్యమునకు శిక్షాబదిలీలు నేటితో నిలిచిపోవలెను. ఆశ్రమ పాఠశాల భారము వహించు ప్రతివాడును స్థానిక భాష నొకదానిని నేర్చి పరీక్ష యీయవలెను. ఆ బడులలోనే చదివి పంతులైన గిరిజన యువకులకు ఆ పీఠమునకు త్రోవ చూపవలెను. బాగుగా పనిచేయువానిని మధ్యలో కదల్చరాదు.

ఇవి ఖజానాను క్రుంగదీయు కోరికలు కావు. మన్యపు బిడ్డలు మన దయ నడుగుటలేదు. తమ పేరు, తమ ఊరు, తమ మాట తెలిసిన పెద్ద నొకనిని తమ బడి కడుగుచున్నారు. ఆ మాత్రము ఈయజాలని రాష్ట్రము సీతారామరాజు విగ్రహములకు పూలదండలు వేయుట మానుకొనుట మేలు.